పెట్టెలో నిమిడిన రైలుబండి

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమయందు, మునేరును పాలేరును పాఱు నల్లరేగడి నేలలమీద ప్రత్తియు మిరపయు పండించుకొనుచు జీవించు నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు రహదారితో నున్న చుట్టఱికము రైలుతో లేదు. హైదరాబాదునుండి విజయవాడమీదుగా మచిలీపట్టణమునకు పోవు జాతీయ రహదారి యీ రెండూళ్ళ పొంతను సాగుచుండగా, నందిగామవారు రైలెక్కవలెనన్న మధిరకో విజయవాడకో బస్సుమీద పోవలసియున్నది. జగ్గయ్యపేటకు మోటమర్రి కడ కాజీపేట–విజయవాడ మార్గమునుండి చీలివచ్చిన శాఖ యొకటి యున్నను, అది ముఖ్యముగా సున్నపురాతిని, సిమెంటు కర్మాగారములను నమ్ముకొని పుట్టిన సరకుల దారి. 1889లో నిజాము రైలు బెజవాడను చేరిననాటినుండియు బండికూత యీ సీమకు ఉత్తరపుటంచున వినవచ్చుచునే యున్నది. కాని యా కూత కూయించు చేయి యెట్టిదో, ఆ చేతిక్రింది మీట యేమి చేయునో, ఇచ్చటి బడిపిల్లలలో నెఱిగినవారు కొలదిమంది.

అట్టి పిల్లల యెదుట రైలు నడుపు విద్యను ప్రదర్శింపవలెనన్న కోరిక గలవానికి నేడు సాధనము కొఱత లేదు. ఇంజను గది కిటికీనుండి కానవచ్చు దారిని తెఱపై చూపుచు, మీటల కదలికకు తగినట్లు బండి వేగమును క్షణక్షణము గణించుచు, గణనఫలమును మరల తెఱపై చిత్రముగా మార్చునట్టి కార్యక్రమములు, లోకము ‘ట్రైన్ సిమ్యులేటర్’ అని పిలుచునవి, పెక్కు గలవు. చిక్కంతయు వేఱొకచోట నున్నది. పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలకును, అభిరుచిగలవారి కూటములకును, పెనుగంచిప్రోలు తిరునాళ్ళవంటి జనసమ్మర్దములకును ఏ యంత్రమును మోసికొని పోవలెను? ఈ ప్రశ్న నడుగగనే అంగడివాడు చూపునది యన్నిటికంటె వెలగలదియు, అన్నిటికంటె వేడెక్కునదియు నగు యంత్రము. అది యవసరము కాదనియు, రైలుబండియొక్క సత్యము చిత్రపు సొగసులో గాక బరువుయొక్క అనుభూతిలో నున్నదనియు, ఆ యనుభూతి నిచ్చుటకు మిక్కిలి చిన్న యంత్రమే చాలుననియు ఈ వ్యాసమున నిరూపింప బూనుచున్నాను.

ముందుగా సిమ్యులేటరునకును చలనచిత్రమునకును గల భేదమును గ్రహింపవలెను. చలనచిత్రము మనము చేయి కదల్చినను కదల్పకున్నను ఒకే తీరున సాగును. సిమ్యులేటరు మన చేతిని ప్రశ్నించి, ఆ చేతికి జవాబు చెప్పును. ఈ జవాబు చెప్పు గుణమే దాని ప్రాణము. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అను నాతడు విమానము నడుపుట నేర్పుటకై నిర్మించిన శిక్షణయంత్రమున తెఱయే లేదు, చిత్రమే లేదు. ఆతని కుటుంబము ఆర్గను వాద్యములు చేయునది గావున, ఆ వాద్యములకు వాడు తిత్తులతోడనే చిన్న పెట్టెను అటునిటు వంచి, శిష్యుని చేతికి జవాబు చెప్పించినాడు. జపానులో 1996లో టైటో సంస్థవారు ‘డెన్షా దే గో’ అను రైలు ఆటను బయలుపెట్టినప్పుడు దాని ముఖ్యాకర్షణ తెఱక్రింద నిలిచిన నిజమైన పిడులు, ఒకటి వేగమునకు, ఒకటి బ్రేకునకు. 2001లో మైక్రోసాఫ్టువారి ట్రైన్ సిమ్యులేటర్ వెలువడినది. దానికొఱకు ఔత్సాహికులు దేశదేశముల కూర్చుకొన్న మార్గములను, బండ్లను నిలుపుకొనుచు, స్వచ్ఛంద కార్యకర్తలు వ్రాసి యుచితముగ పంచిపెట్టుచున్న ‘ఓపెన్ రైల్స్’ పిదప తన మొదటి పూర్ణరూపమును పొందినది. ఈ పరంపరలో నొక్కటి స్పష్టము: ప్రేక్షకుని పట్టి నిలిపినది మొదటినుండియు చిత్రము కాదు, పిడి.

ఇక యంత్రము లోపల జరుగు పనిని తూచి చూతము. ఆ పని రెండు పాళ్ళుగా నున్నది: బండి యెంత వేగమున నెచ్చట నున్నదో గణించుట యొకటి, అచ్చటినుండి లోకము కంటి కెట్లగపడునో చిత్రించుట రెండవది. సింగరేణి బొగ్గును మోసికొని మన యిబ్రహీంపట్నము విద్యుత్కేంద్రమునకు వచ్చునట్టి బండిని తీసికొందము. అట్టి బండికి 58 ‘బాక్సెన్’ రకపు సరకు పెట్టెలును ఒక ఇంజనును అనుకొన్నచో మొత్తము 59 వాహనములు; ఒక్కొక్కదానిమీది లాగుడు, ఒఱపిడి, ఎత్తుపల్లములు, బ్రేకు పట్టు, కొక్కెముల సాగుడు మున్నగువానిని సెకనునకు 60 మార్లు లెక్కించినను, లెక్కలు 3,540 మాత్రమే. ఒక్కొక్క లెక్కకు వేయేసి కూడికలు, హెచ్చవేతలు పట్టునని యుదారముగ నొప్పుకొన్నను, సెకనునకు 35 లక్షల చిల్లర. నేటి సామాన్య ప్రాసెసరు సెకనునకు కొన్ని వందల కోట్ల పనులు చేయజాలును. ఇక చిత్రము సంగతి చూడుడు. అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గల తెఱపై చుక్కలు 20,73,600. వానిని సెకనునకు 60 మార్లు రంగులద్దవలెనన్న 12 కోట్ల 44 లక్షల చుక్కలు. మఱియు ఒక్కొక్క చుక్కకు వెలుగు, నీడ, మంచు, ఆకుల సందులు మొదలగువానిని వేఱువేఱుగ విచారింపవలెను. అనగా యంత్రపు శక్తిని, విద్యుత్తును, వేడిమిని, వెలను మ్రింగునది రైలు కాదు, రైలుప్రక్కనున్న చెట్టు. తెఱను 1,280కి 720 చుక్కలకు తగ్గించినచో చుక్కల సంఖ్య 9,21,600కు దిగి, పని సగమునకంటె తక్కువ యగును. బండి బరువులో మాత్రము ఒక్క గ్రామైనను తగ్గదు. ప్రదర్శకుడు మొట్టమొదట జీర్ణించుకొనవలసిన సత్య మిదియే.

ఆ బరువెట్టిదో తెలిసికొనుట యవసరము, ఏలనన ప్రదర్శన యంతయు దానికొఱకే. నిండుగ బొగ్గు నింపిన పై బండి సుమారు 4,700 టన్నులు తూగును. పెట్టె యొక్కటి 10.7 మీటర్లు గావున పొడవు 620 మీటర్లు. అది గంటకు 72 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనునకు 20 మీటర్ల చొప్పున, వచ్చుచుండగా లోకోపైలటు బ్రేకు వేసినాడనుకొందము. ఇంజనులో ‘ఏ-9’ అని వారు పిలుచు పిడిని త్రిప్పగనే జరుగునది బిగింపు కాదు, సడలింపు: బండి పొడవునను సాగిన బ్రేకు గొట్టములో చదరపు సెంటీమీటరునకు 5 కిలోల చొప్పున నిండియున్న గాలి వెలికిపోవ నారంభించును, ఆ పీడనము తగ్గుటను కనిపెట్టి, ఒక్కొక్క పెట్టెక్రింది కవాటము తనయొద్ద దాచియుంచిన గాలిని సిలిండరులోనికి పంపి చక్రములను పట్టించును. గొట్టము తెగినను గాలి పోయి బండి తనంతట ఆగును. 1872లో జార్జి వెస్టింగ్‌హౌస్ కనిపెట్టిన యీ యుపాయమున భద్రత యంతయు ఇమిడియున్నది. కాని గాలిలోని వార్త గాలిలోని శబ్దముకంటె వేగముగ పోజాలదు గావున, ఇంజనులో పుట్టిన సడలింపు 620 మీటర్ల తోకను చేరుటకే దాదాపు రెండు సెకనులైనను పట్టును. పిదప సరకు పెట్టెలలో బ్రేకు సిలిండరు నిండుటకు 18 మొదలు 30 సెకనులు పట్టును. పూర్తిగ పట్టిన పిదప వేగము సెకనునకు 0.2 మీటరు చొప్పున తగ్గినదనుకొన్నను, నిలుచుటకు 100 సెకనులు, 1,000 మీటర్లు కావలెను. నిండుటకు పట్టిన కాలములో దొరలిన దూరము దీనికి పైమాట. మన రైలుమార్గములయందు ‘డిస్టెంట్’ సిగ్నలును ఆగవలసిన సిగ్నలునకు కిలోమీటరునకు తక్కువగాని దూరమున నేల నిలుపుదురో, ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఇప్పుడు ప్రదర్శన మందిరమునకు వత్తము. పదేండ్ల బాలుడొకడు ఆ పిడిని త్రిప్పి, బండి యాగలేదని ఆశ్చర్యపడి, వెనుదిరిగి మన ముఖము చూచునప్పుడు, ఆ జాగు రైలుదై యుండవలెనేకాని కంప్యూటరుదై యుండరాదు. ఇదియే పరికరము నెన్నుకొనుటకు గీటుఱాయి. సెకనునకు 60 చిత్రములు నిలకడగ వచ్చినచో ఒక్కొక్క చిత్రమునకు 16.7 మిల్లీసెకనులు, 30 వచ్చినచో 33.3. ఈ రెండును మానవుని చేతిని బాధింపవు. కాని ఒకసారి 60, ఒకసారి 12, మరల 40 అని తడబడు యంత్రము, ఎంత సుందర చిత్రము చూపినను, మీటకును చూపునకును గల నమ్మకమును చెఱచి, పిల్లవానికి రైలు బరువునకు మారుగ యంత్రపు అలసటను నేర్పును. కొన్ని టెలివిజను తెఱలు చిత్రమునకు మెఱుగులు దిద్దుటకై దాని నొక పదవవంతు సెకను దాచిపెట్టును. సెకనునకు 20 మీటర్లు పోవు బండి యా లోపల రెండు మీటర్లు ముందునకు పోయియుండును. కావున టెలివిజనునే తెఱగా వాడువాడు దానిలోని ‘గేమ్’ అమరికను తప్పక యెన్నుకొనవలెను.

గీటుఱాయి దొరకినది గనుక యంత్రములను దానిపై నొరసి చూతము. ప్రత్యేక చిత్రకార్డు గల పెద్ద కంప్యూటరు శక్తిమంతమే, కాని మానిటరుతో గూడి 380 వాట్లు త్రాగునదియు, పెట్టె మాత్రమే పది కిలోలు తూగునదియునై, బస్సు పైకప్పు ప్రయాణమున కార్డు సడలి, పోయినచోట మొండికెత్తు స్వభావము గలది. ఆటలకై చేసిన లాప్‌టాప్ తేలికగ నున్నను, దాని పూర్తి బలము గోడ కరెంటు తగిలియున్నంతవఱకే. బ్యాటరీ యంత విద్యుత్తును సరఫరా చేయజాలక, కరెంటు పోయిన మఱుక్షణమే చిత్రవేగము దిగజాఱును. అఱచేతి రాస్ప్‌బెర్రీ పై మిక్కిలి మితాహారి, కాని దాని ప్రాసెసరు ఆదేశభాష వేఱగుటచే విండోసు కొఱకు వ్రాసిన ఓపెన్ రైల్స్ దానిపై సూటిగ నడువదు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ వంటి చేతియంత్రము 1,280కి 800 చుక్కల తెఱతో మన లెక్కకు సరిపోవునదే యైనను, ఏడంగుళముల తెఱను ఒక్కడే చూడగలడు. వెనుక నిలిచిన ముప్పదిమందికి నడుపువాని వీపే ప్రదర్శనము. చేతిఫోనున ఆడదగిన రైలు ఆటలు పెక్కు గలవు. నునుపైన గాజుమీద వ్రేలు జార్చుటలో బరువేమి తెలియును? మిగిలినవి రెండు: పుస్తకమంత మినీ కంప్యూటరు, మధ్యతరగతి లాప్‌టాప్. రెంటిలో నేను లాప్‌టాప్‌నే కోరుదును. ఏలనన దాని కడుపులోని 50 వాట్-గంటల బ్యాటరీ, కరెంటు పోయినపుడు బండిని నడుమ దారిలో చంపక, ముప్పావుగంటకు పైగా బ్రదికించును. తిరుగు డిస్కునకు బదులు కదలిక లేని ఎస్‌ఎస్‌డీ నిల్వ దానిలో నుండవలెను. గతుకుల దారిని ఓర్చుకొనునది యదియే.

విద్యుత్తు లెక్కయు దీనినే సమర్థించుచున్నది. 60 వాట్ల లాప్‌టాప్‌నకు 30 వాట్ల 24 అంగుళముల మానిటరును జోడించినచో 90 వాట్లు. ఉదయమునుండి మధ్యాహ్నము దాటువఱకు అయిదు గంటలకు 450 వాట్-గంటలు. మన యిండ్లలో నున్న 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల ఇన్వర్టరు బ్యాటరీలో 1,800 వాట్-గంటలున్నను, సీసపు బ్యాటరీని సగమునకంటె దింపుట దాని యాయువునకు చేటు; 900 లో ఇన్వర్టరు తాను కాజేయు పాలు తీసివేసినచో, చేతికి 765 వచ్చుననుకొందము. లాప్‌టాప్ జంటకు ఎనిమిది గంటలు చాలునది పెద్ద కంప్యూటరునకు రెండు గంటలే. ఆ సీసపు బ్యాటరీని మోయుటకు ఇద్దఱు మనుష్యులు కావలెనని తలచినప్పుడు, యంత్రము మితాహారి యగుట యెంత సుకృతమో బోధపడును.

ఇక మన యెండ. ఈ మెట్టసీమలో వేసవి మధ్యాహ్నము 45 డిగ్రీలు తాకుట వింత కాదు. ప్రాసెసరు 95 డిగ్రీల యొద్దకు చేరగనే తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. వేడిమి బయటకు పోవు పరిమాణము లోపలి వేడికిని బయటి గాలికిని గల అంతరము ననుసరించి యుండును గదా; చల్లని గదిలో గాలి 25 డిగ్రీలైనపుడు ఆ యంతరము 70; షామియానాలో 45 అయినపుడు 50. అనగా అదే పంకా, అదే యంత్రము, ఏడుపాళ్ళలో నైదుపాళ్ళ వేడిమినే వెడలగొట్టగలదు. ఇంటిలో పరీక్షించి తృప్తిపడినవాడు పందిరిలో భంగపడుటకు కారణ మిదియే. దీనిపై ప్రత్తినూగు, మిరపదుమ్ము, సిమెంటుబూడిద పంకా రెక్కలను కప్పివేయును. కావున యంత్రమును దాని శక్తిలో సగముతోనే పని తీరునట్లు ఎన్నుకొనవలెను. చిత్రమును తగ్గించి, అడుగున గాలియాడునట్లు ఎత్తు పెట్టి, ఇంటినుండి కదలుటకు ముందు మిట్టమధ్యాహ్నము మేడమీద పందిరినీడలో రెండు గంటలు నడిపించి చూడవలెను. ఆ పరీక్షలో నిలిచినది యెచ్చటనైనను నిలుచును.

తెఱ సంగతి తలచినప్పుడెల్ల నాకు తోలుబొమ్మలాట జ్ఞప్తికి వచ్చును. రామాయణ మంతయు నొక పెట్టెలో సర్దుకొని, తెల్లని పంచెను కట్టి, వెనుక ఆముదపు దీపములు పెట్టి, రంగులద్దిన పలుచని తోలులోనుండి వెలుగును ప్రసరింపజేసిన మన బొమ్మలాటవారికంటె ఈ విద్యలో పెద్దలెవ్వరు? నేటి మానిటరును సూత్రమున నదియే: వెనుక దీపము, ముందు రంగుల పొర, పొర తెఱచినచోట వెలుగు, మూసినచోట చీకటి. వారు చీకటిపడిన పిదపనే ఆట మొదలిడుటకు కారణమును మనము మఱచిపోరాదు. నడియెండలో లక్ష లక్సుల వెలుగుండును. షామియానాలోపలను వేలకొలది యుండును. మూడువేల ల్యూమెనుల ప్రొజెక్టరు మూడు చదరపు మీటర్ల గుడ్డపై పడినచో వేయి లక్సులే గనుక, పగటివేళ నది వెలవెలబోవును. కావున ప్రొజెక్టరును మాని, అద్దమువలె మెఱయని మానిటరును గొని, దాని ముఖమును పందిరి వాకిలివైపు గాక లోపలి గోడవైపు త్రిప్పి, పైన నల్లగుడ్డ గొడుగు కట్టినచో, బొమ్మలాటవారి రాత్రి మనకు పగలే లభించును.

ఇన్ని విధముల పొదుపు చేసిన ధనమును, బరువును, విద్యుత్తును దేనికి వెచ్చింపవలెనో యిక చెప్పనక్కఱలేదు: పిడికి. రైల్‌డ్రైవర్ అను పేర సిద్ధముగ దొరకు మీటల బల్ల యొకటి గలదు. అది విదేశపు ఇంజనుల తీరుది. మన పిల్లలకు మన ఇంజనును చూపవలెనన్న ఊరి వడ్రంగిచేతను, లేతుపనివానిచేతను చేయించుటయే మేలు. ఆర్డుయినో లియొనార్డో వంటి చిన్న పలక యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు జాయ్‌స్టిక్‌గా తన్ను తాను పరిచయము చేసికొని, మీట యున్నచోటును 0 మొదలు 1,023 వఱకు అంకెగ చెప్పును. మీటక్రింద ఒఱసికొను పొటెన్షియోమీటరునకు బదులు, 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ధర్మముచే అయస్కాంతపు చేరువను తాకకయే పసిగట్టు సెన్సరును పెట్టినచో, దినమునకు వందలచేతులు తగిలినను అరగదు, దుమ్మునకు వెఱవదు. పాత డీజిలు ఇంజనునకు ఎనిమిది ‘నాచ్’లు గలవు గావున, వేగపు మీటకు ఎనిమిది గాట్లు కోయించి, ఒక్కొక్క గాటున స్ప్రింగు గుండు పడి టక్కుమని యాగునట్లు చేయింపవలెను. బండినంతను పట్టు ఏ-9, ఇంజనును మాత్రమే పట్టు ఎస్ఏ-9, ఈ రెండును వేఱువేఱు పిడులుగా నుండి, మీదనొక గాలిపీడనపు ముల్లు కదలుచుండవలెను. అపుడుగాని జరుగుచున్న జాగు కంటికి కారణముతోసహా కనబడదు. పిడి బరువైన ఇనుముతో నుండవలెను. పిల్లవాని మోచేయి నేర్చుకొనినదానిని కన్ను త్వరగ మఱువనీయదు.

ప్రదర్శించు మార్గము గూడ పొదుపుగనే యుండవలెను. అరగంట ప్రయాణము వరుసలో నిలిచినవారికి శిక్ష. నాలుగు నిమిషముల ఘట్టము చాలును: బండి వేగముతో వచ్చుచుండగా పసుపురంగు సిగ్నలు కనబడును, కిలోమీటరు ముందు ఎఱ్ఱనిది నిలిచియుండును, అంతే. మొదటిసారి ప్రతి బాలుడును ఎఱ్ఱదీపమును దాటిపోవును. అప్పుడు ప్రదర్శకుడు మందలింపక, గాలిముల్లును చూపి, తోక పెట్టెకు వార్త యిప్పుడే చేరినదని చెప్పి, మరల పిడి నందీయవలెను. రెండవసారి బాలుడు పసుపురంగు కానగనే త్రిప్పును. ఈ రెండు ప్రయత్నముల నడుమ జరిగినదే విజ్ఞానము. దానిని మోసికొని పోవుటకే ఇంత యాలోచన.

ఈ యేర్పాటంతయు లాప్‌టాప్, మానిటరు, పిడుల బల్ల, తీగలచుట్టలు, నల్లగుడ్డలతో కలసి ఒక ఇనుపపెట్టెలో పట్టును. బస్సులో సీటుక్రింద కాకున్నను డ్రైవరు ప్రక్కన నిలుచును. నందిగామలో ఎక్కించి జగ్గయ్యపేటలో దింపి, బడి వరండాలో గడియలోపల నిలబెట్టవచ్చును. సాయంకాలమున పెట్టె మూసికొని మరలివచ్చునపుడు మనవెంట వచ్చునది యంత్రము మాత్రమే. పిడి పట్టిన పిల్లవానికడ మఱియొకటి మిగులును. ఏనాడో వాడు రైలుగేటు కడ సైకిలు దిగి నిలుచును. బండి కానరాకమునుపే గేటేల వేసినారని ప్రక్కవారు విసుగుకొనుచు, కమ్మిక్రింద దూఱబోవుదురు. వాడు మాత్రము దూఱడు. దూరమున వినవచ్చు కూతను ఆలకించి, ఆ వచ్చునది ఆగదలచినను ఆగజాలదని తన మోచేతికి తెలిసియుండుటచేత, ప్రక్కవాని చేయిపట్టి వెనుకకు లాగును.